ఏసీకి అవతల పడుకున్న మామ

ఆ రోజుల్లో అర్థం అడిగేవాణ్ణి ఎవరూ దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఇప్పుడేమో అడగకపోయినా చెప్పేవాళ్ళు వీధికొకరు తయారయ్యారు. మొన్న మా అమ్మాయి ఫోనులో ఎవరో కుర్రాడు, ఇంకా గెడ్డం సరిగ్గా రానివాడు, థర్మోడైనమిక్స్ నియమాలంటే ఏమిటి, వాటి ప్రయోజనం ఏమిటి, వాటిలో మనిషి గ్రహించవలసిన అర్థం ఏమిటి అని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేస్తున్నాడు. వెనకాల సంగీతం కూడానూ. నాకు ఒళ్ళు మండుకొచ్చింది. మండదా మరి? ఆ నియమాల చేతుల్లో ఒక వేసవి వేసవంతా ఉడికినవాణ్ణి, వాటి మూలంగా ఉద్యోగం ఊడేదాకా వెళ్ళినవాణ్ణి, ఆ తర్వాత ఇన్నేళ్ళుగా వాటి మీద దొరికిన పుస్తకమల్లా చదువుతూనే ఉన్నవాణ్ణి. నాకే ఇప్పటికీ సగం బోధపడలేదు. వాడికి ఆ పాట పూర్తయ్యేలోపు మొత్తం ఎలా బోధపడిందో అడుగుదామని చూపుడువేలితో వాడి మొహం మీద రెండుసార్లు గట్టిగా పొడిచాను. ఎర్రటి గుండె బొమ్మ ఒకటి పైకి లేచింది. "వాడు నీకు చాలా నచ్చాడని చెప్పావు నాన్నా" అంది మా అమ్మాయి. నచ్చడమా. అందుకే, ఇలాంటివి ఓపిగ్గా చదివే మీకైనా జరిగినది జరిగినట్టు చెప్పుకుందామని కూర్చున్నాను.

అప్పుడు నేను మస్కట్‌లో, అజైబా అనే పేటలో ఒక ఏసీ కంపెనీలో హెల్పర్‌ని. గోదావరి లంకల్లో పుట్టి, పదో తరగతిలో సైన్సు దగ్గరే తప్పి (తెలుగులో నాకు మంచి మార్కులే వచ్చాయి, అది ఎవరూ అడగరు), మేనత్త మొగుడి పుణ్యమా అని మస్కట్ వచ్చి పడ్డాను. హెల్పర్ అంటే టెక్నీషియన్ పైకెక్కితే నిచ్చెన పట్టుకోవడం, కిందికి దిగితే స్క్రూడ్రైవర్ పుచ్చుకోవడం, ఆయన చాయ్ తాగుతుంటే ఫిల్టర్లు కడగడం. ఊళ్ళో మాత్రం నేను మస్కట్‌లో మెకానిక్‌నని చెప్పి ఉన్నాను. మా అమ్మ అయితే ఇంకో మెట్టు పైకి వెళ్ళి, దేశం మొత్తం మా వాడే చల్లబరుస్తున్నాడని చెప్పుకునేది. కంపెనీ నాకిచ్చిన రూమ్ దుకాణాల వరస వెనకాల ఒక పాత గోడౌన్. కిటికీ అనేది లేదు. నడిమధ్య ప్లైవుడ్డు గోడ ఒకటి పైకప్పు దాకా కొట్టి, ఇవతల సగం నాకు, అవతల సగం కడప మామకు ఇచ్చారు. ఎవరి సగానికి వాళ్ళ తలుపు, అవసరానికి ఒకరి తాళంచెవి ఇంకొకరి దగ్గర.

కడప మామ మా కంపెనీ వ్యాను డ్రైవరు. ఆ వ్యాను రాత్రిళ్ళు ఒక ఆస్పత్రికి తిరిగేది. నర్సులను డ్యూటీకి దింపడం, డ్యూటీ దిగినవాళ్ళను ఇళ్ళకు చేర్చడం ఆయన పని. కాబట్టి రాత్రంతా రోడ్డు మీద ఉండి పగలంతా పడుకునేవాడు. నేను పగలంతా సైట్‌లో ఉండి రాత్రి పడుకునేవాణ్ణి. మాకు ఒకరి మొహం ఒకరు కనపడేది పొద్దున ఆయన వచ్చేటప్పుడు, సాయంత్రం ఆయన పోయేటప్పుడు. ఇంట్లో వాళ్ళతో ఉర్దూ, మాతో తెలుగు, పోలీసులతో అరబ్బీ, వ్యానుతో ఈ మూడూ కలిపి మాట్లాడేవాడు. నన్ను 'అల్లుడా' అని పిలిచేవాడు. (ఆయనకు కూతుళ్ళు లేరు. ఆ సంగతి నేను వచ్చిన కొత్తలోనే కనుక్కున్నాను.)

ఒకరోజు పొద్దున మా ఇంజనీరు హెల్పర్లందరినీ వరసగా నిలబెట్టాడు. వరంగల్ మనిషి. మంచివాడే కానీ నవ్వితే కంపెనీకి నష్టం అనుకునేవాడు. "చూడుండ్రి. పని తక్కువైంది, మనుషులు ఎక్కువైన్రు. తెలిసినోళ్ళను టెక్నీషియన్లను చేస్తం. తెల్వనోళ్ళు ఇంటికి పోతరు. నేనే ఒక్కొక్కల రూముకొచ్చి అడుగుత. థర్మోడైనమిక్స్. అప్పజెప్పుడు కాదు, అదెందుకో చెప్పాలె" అన్నాడు. మిగతావాళ్ళు తలలూపి, నియమాలు కాగితం మీద రాయించుకుని బట్టీ పట్టడం మొదలుపెట్టారు. నాకు ఆ బుద్ధి పుట్టలేదు. అర్థం కానిది నోట్లో పెట్టుకుంటే మింగలేను, ఉమ్మలేను. అదీగాక నా సమస్య వేరు. ఇంటికి పోతే, దేశాన్ని చల్లబరుస్తున్నవాడు లంకల్లో రొయ్యల చెరువు దగ్గర కాపలాకి ఎందుకు కూర్చున్నాడో ఊరికి నేను చెప్పుకోవాలి.

ట్రంకుపెట్టె అడుగున పదో తరగతి సైన్సు గైడుతో పాటు, మా మేనత్త కొడుకు ఇంటరు పుస్తకం ఒకటి ఉంది. తీశాను. తీసిన మొదటి పేజీలోనే కోపం వచ్చింది. నియమాలు మూడు అని శీర్షిక పెట్టి, కింద నాలుగు రాశాడు. ఎందుకయ్యా అంటే ఒకటోదానికి ముందు సున్నాది ఒకటి ఉందట. పోనీ అది మొదట పుట్టిందా అంటే లేదు, మిగతావన్నీ పుట్టాక తీరిగ్గా కనిపెట్టి, ఇది లేకపోతే అవి నిలబడవని తీసుకెళ్ళి ముందు కూర్చోబెట్టారట. బస్సు కదిలాక ఎక్కినవాడికి డ్రైవరు పక్క సీటు. ఇక ఆఖరిదేమో అంతకన్నా చల్లగా ఇంకేదీ ఉండలేని చలి ఒకటి ఉందనీ, ఎంత తన్నుకున్నా అక్కడికి ఎవరూ చేరలేరనీ చెబుతుంది. అజైబాలో నడివేసవిలో, ఫ్యాను కూడా వేడిగాలి విసురుతుంటే కూర్చుని చదవవలసిన మాటేనా అది? రెండో నియమం దగ్గరకొచ్చేసరికి ఇక ఆగలేక ప్లైవుడ్డు తట్టాను. సాయంత్రం, మామ డ్యూటీకి తయారవుతున్నాడు.

"మామా, వేడి తనంతట తాను చల్లటి చోటు నుంచి వేడి చోటుకి పోదంట. ఇది నియమమంట. మరి నేను రోజంతా చేస్తున్న పనేంటి?"

"నిచ్చెన పట్టుకుంటాండావు" అన్నాడు మామ అవతలి నుంచి.

మామ వ్యానులో తిరిగే నర్సుల్లో మా గోదావరి జిల్లా అక్క ఒకావిడ ఉండేది. శుక్రవారం సెలవు కాబట్టి చర్చిలో ప్రార్థన అయ్యాక మా ఇద్దరికీ క్యారియర్ కట్టి తెచ్చేది. నా గొడవ విని, "ఇందులో ఏముంది తమ్ముడూ. థర్మామీటరు నోట్లో పెట్టి కాసేపు ఎందుకు ఆగుతాం? నీ ఒళ్ళూ పాదరసమూ ఒకే వేడికి వచ్చేదాకా. అదే నీ సున్నా నియమం" అంది.

"అది ఎలాగూ జరుగుతుంది కదక్కా. జరిగేదానికి నియమం ఎందుకు?"

"జరుగుతుంది కాబట్టే నియమం అన్నారు."

"అదెలాగక్కా? జరక్కూడనిదానికి కదా నియమం పెడతారు. ఈ దేశంలో బండి ఎడమపక్క పోకూడదని పోలీసులు ఎందుకు పెట్టారు? మామ పోతాడు కాబట్టి."

"నడమ నన్నేల లాగుతావ్‌రా" అన్నాడు మామ, చేప ముల్లు తీసుకుంటూ.

అక్క నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదంది. నా సందేహం మాత్రం తీరలేదు. ఈ దేశంలో అప్పటికే నాకు వేడి సంగతి తలకిందులుగా ఉంది. వేసవిలో మిద్దె మీది ట్యాంకులో నీళ్ళు కాగిపోతాయి కాబట్టి చల్లనీళ్ళ కొళాయి తిప్పితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. ఇక్కడివాళ్ళు ఏం చేస్తారంటే, గీజరు స్విచ్చి కట్టేసి, అందులో నీళ్ళు నీడపట్టున చల్లారాక వేడినీళ్ళ కొళాయి తిప్పుకుని చల్లగా స్నానం చేస్తారు. ఇలాంటి చోట, ఏది ఎటు పోతుందో చెప్పమని లంకల్లోంచి వచ్చినవాణ్ణి అడగడం ధర్మమేనా?

ఆ పరిస్థితిలో ఇంజనీరు నా నెత్తిన ఇంకొకటి పెట్టాడు. మస్కట్‌లోనే ఖురం పేటలో ఎవరి ఇంట్లోనో మార్చేసిన పాత విండో ఏసీ ఒకటి షెడ్డులో పడి ఉంది. మా గోడౌన్‌కి ఏసీ లేదని నేను మొత్తుకుంటూ ఉండేవాణ్ణి. "తీస్కపో. నువ్వే బిగించుకో. అదే నీ ప్రాక్టికల్. ఒక శుక్రవారం వచ్చి చూస్త, అప్పుడే నియమాలు కూడ అడుగుత" అన్నాడు. ఏసీని మామ వ్యానులో పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చుకున్నాం. కానీ బయటి గోడకి కన్నం పెట్టబోతే వాచ్‌మన్ అడ్డం పడ్డాడు. గోడౌన్ యజమాని ఊళ్ళో లేడు, ఆయన వచ్చి సరే అనేదాకా గోడ మీద సుత్తి పడితే తన ఉద్యోగం పోతుందని నా చేతులు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే నా బుర్రలో దీపం వెలిగింది. (వెలగకుండా ఉంటే బాగుండేది.)

మామను కూర్చోబెట్టి చెప్పాను. "నువ్వు రాత్రంతా ఉండవు. నేను పగలంతా ఉండను. ఏసీని ఈ ప్లైవుడ్డులో బిగిద్దాం. రాత్రి దాని మొహం నా వైపు, వీపు నీ వైపు. వీపులోంచి వచ్చే వేడి ఖాళీ గదిలో పడుతుంది, ఎవరికీ బాధ లేదు. పొద్దున నువ్వు రాగానే ఇద్దరం కలిసి దాన్ని తిప్పేద్దాం. పగలు మొహం నీ వైపు, వీపు నా ఖాళీ గది వైపు."

మామ ఏసీ ముందూ వెనకా తడిమి చూశాడు. "బాగానే ఉండాది గానీ అల్లుడా, పొద్దున నేనొచ్చేసరికి ఆ రాత్రి వేడి యాడికి పోతాది?"

"ఎక్కడికి పోతుంది మామా, అయిపోతుంది. చాయ్ వదిలేస్తే చల్లారిపోదూ?"

"చల్లారిపోతాది" అని ఒప్పుకున్నాడు మామ. (చాయ్‌లో వేడి చల్లారి ఎక్కడికి పోతుందో నేను ఎన్నడూ వెంటపడి చూసినవాణ్ణి కాదు. శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం అన్న వాక్యం కింద నేనే ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు గీసుకుని ఉన్నాను. గీత గీసిన చేతికీ కన్నం కోసిన చేతికీ పరిచయం లేదు.)

మొదటి రాత్రి నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను. మస్కట్ వచ్చాక దుప్పటి కప్పుకోవడం అదే మొదలు. ఆ చలిలో మా అమ్మ మాట నిజమైనట్టు కల కూడా వచ్చింది. పొద్దున మామ తన సగం తలుపు తాళం తీశాడు. లోపలికి అడుగుపెట్టి, వెనక్కి వచ్చి, తలుపు మీద అంకె సరిచూసుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

"అల్లుడా, నా రూములో ఏం వండినావురా?"

"ఏమీ వండలేదు మామా."

"మరి పరుపు పొయ్యి మీది పెనం మాదిరి ఉండాదే. ఎవడో ఇప్పుడే లేచి పోయినట్టుండాది. నా మంచం మీద ఎవర్ని పండబెడతాండావ్‌రా?"

నాకు రోషం వచ్చింది. ఏసీ చేసేది చల్లదనం, అంత వేడి దానికి ఎక్కడిదన్నాను. అది ఆయన బీడీలదై ఉంటుందన్నాను. బీడీలు వ్యానులో తాగుతానన్నాడు. పైగా ఏసీ వీపులోంచి కారిన నీళ్ళు ఆయన తలగడ మీద మడుగు కట్టాయి. అయినా ఒప్పందం ఒప్పందమే కాబట్టి, తిట్టుకుంటూనే ఇద్దరం ఏసీని కన్నంలోంచి లాగి, బోర్లాపడుతున్న పసివాణ్ణి తిప్పినట్టు తిప్పి, సందుల్లో పాత చొక్కాలు కుక్కాక, నేను డ్యూటీకి పోయాను. సాయంత్రం వచ్చి నా సగం తలుపు తీశాను. అప్పుడు నాకు మామ మాట పూర్తిగా అర్థమైంది. అర్థమైందని ఆయనతో అనలేదు. "పగలంతా నా రూములో ఏం చేశావు మామా?" అన్నాను.

ఆ విధంగా నడిచింది మా కాపురం. ఆయన చల్లగా పడుకున్నంతసేపూ నా సగం కాలేది, నేను చల్లగా పడుకున్నంతసేపూ ఆయన సగం కాలేది. ఏసీ తిప్పాక సగం నిద్ర గది చల్లబడడానికే పోయేది. చల్లబడింది అనుకునేసరికి లేవవలసిన వేళ. ఒకరి మీద ఒకరికి అనుమానాలు పెరిగాయి. నేను దొంగతనంగా రెండో ఏసీ తెచ్చి దాచానని ఆయన, ఆయన కావాలనే మీట ఎక్కువలో పెడుతున్నాడని నేను. పుస్తకం తీసి చూస్తే సున్నా నియమం చాలా ప్రశాంతంగా, రెండు వస్తువులు మూడో వస్తువుతో సమతాస్థితిలో ఉంటే ఆ రెండూ ఒకదానితో ఒకటి సమతాస్థితిలో ఉంటాయని చెబుతోంది. మేమిద్దరం ఆ మూడో వస్తువు మూలంగానే సమతాస్థితి లేకుండా పోయామని దానికి ఎవరు చెబుతారు?

అసలు చిక్కు శుక్రవారం వచ్చింది. ఇద్దరికీ సెలవు. ఇద్దరూ రూములోనే. ఏసీ మొహం ఎటు ఉండాలి? ముందు మర్యాదలకు పోయాం. "పెద్దవాడివి మామా, నీ వైపే ఉండనీ" అని నేను, "చిన్నోడివి, పరీక్షుండాది, నీ వైపే పెట్టుకో" అని ఆయన. ఎండ ముదిరేకొద్దీ మర్యాద తగ్గింది. చివరికి మామే తేల్చాడు. "ఈ అడ్డగోడ ఉండబట్టే కదరా పంచాయితీ. ఒక చెక్క ఊడబీకు. ఇద్దరిదీ ఒకే ఇల్లనుకుందాం." ఎంత మంచి మాట అనిపించింది. మనిషి పోయేంత వెడల్పున ప్లైవుడ్డు ఊడదీశాను. చల్లదనం బయటికి పోకుండా బయటి తలుపులు రెండూ గట్టిగా మూసి, కింద సందుల్లో తువ్వాళ్ళు కూడా దోపాం. ఏసీని ఎక్కువలో పెట్టి, మంచాల మీద ఎదురెదురుగా కూర్చుని, చల్లబడటం కోసం ఎదురుచూశాం.

చల్లబడలేదు. ఏసీ పాపం ఊపిరాడనట్టు రొప్పుతోంది. ముందు నిలబడితే చల్లగాలే వస్తోంది. గది మాత్రం వేడెక్కుతోంది. నేను లేచి ముందు చెయ్యి పెట్టి చూశాను, చల్లన. వెనక చెయ్యి పెట్టి చూశాను, నిప్పు. రెండూ కలిస్తే గోరువెచ్చన అవ్వాలి కదా, పోనీ ఎలా ఉన్నదో అలాగైనా ఉండాలి కదా. ఈ పైన వచ్చిన వేడి ఎవడిది? మామ బనీను పిండుకుని మళ్ళీ వేసుకున్నాడు. "గోడ ఉన్నప్పుడు ఒకరమన్నా బతికినాం కదరా" అన్నాడు నెమ్మదిగా.

అప్పుడే అక్క క్యారియర్‌తో వచ్చి తలుపు తోసింది. తోసి, రెండడుగులు వెనక్కి వేసింది. "వందనాలు తమ్ముడూ. ఏసీ వేసుకుని మరీ ఉడుకుతున్నారేంటి?" ఆమె మాట ఇంకా పూర్తి కాలేదు, వెనకాల ఇంజనీరు కారు దిగాడు. నా పరీక్ష ఆ శుక్రవారమేనని నాకు అప్పుడు తెలిసింది. చల్లటి కారులోంచి రావడంతో ఆయన కళ్ళద్దాల మీద ఆవిరి కమ్మింది. తుడుచుకుని లోపలికి వచ్చాడు. గోడలో ఏసీని చూశాడు. ఊడదీసిన చెక్కను చూశాడు. మమ్మల్ని చూశాడు. మళ్ళీ ఏసీని చూశాడు.

"నడుస్తున్నదా?"

"బ్రహ్మాండంగా నడుస్తోందండి."

"మరి గింత ఉడుకు ఎక్కడికెల్లి వస్తున్నది?"

"అదే తెలీట్లేదండి. చల్లదనం మాత్రం సరిగ్గానే తయారవుతోందండి."

ఆయన వెళ్ళి మామ మంచం మీద కూర్చున్నాడు. తడి తగిలి లేచాడు. "నియమాలు చెప్పు" అన్నాడు నిలబడే.

"ముందు సున్నాది చెప్పాలాండీ, ఒకటోది చెప్పాలాండీ?"

"నీ ఇష్టం."

నా ఇష్టం అనడమే నా కొంప ముంచింది. రెండూ ఒకేసారి నోటికొచ్చాయి. "రెండు వస్తువులు మూడో వస్తువుతో సమతాస్థితిలో ఉన్నచో, వాటిని సృష్టించలేమండి, నాశనం చేయలేమండి" అన్నాను. అక్క క్యారియర్ మూత గట్టిగా మూసింది. ఇంజనీరు మొహంలో ఏ మార్పూ లేదు. "సరే. అవెందుకు? వాటితోటి ఏం పని?"

ఇక నాకు ఆగలేదు. "అదేనండి నేనూ అడుగుతున్నాను. ఎవరడిగారండి వాటిని? వేడిని అడిగారా, చల్లదనాన్ని అడిగారా? ఇలా పోవచ్చు అలా పోకూడదు అని రాసిపెట్టి, పాటించేవాడికి జీతం లేదు, పాటించనివాడికి శిక్ష లేదు. నేను రోజూ ఇద్దరికీ సమానంగా ఉండాలని దీన్ని తిప్పి తిప్పి చచ్చిపోతున్నానండి. ధర్మంగా చేసిందానికి ఈ వేడేంటండి?"

ఆయన చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. గొంతు మాత్రం పెంచలేదు. "సల్లదనం తయారుజేసుడు అనేది లేదు బిడ్డా. ఇక్కడి వేడి తీసి అక్కడ పెట్టుడే. పెట్టినందుకు కరెంటు వేడి కూడ దానికి కలుస్తది. నువ్వు తీసినదాన్ని ఎక్కడ పెడుతున్నవ్?"

"మామ సగంలోనండి."

"మామ ఎక్కడ పెడుతున్నడు?"

"నా సగంలోనండి."

"ఇద్దరూ ఒక్క దగ్గర్నే కూసుంటే?"

నేను మామ వైపు చూశాను. మామ నా వైపు చూశాడు. ఇద్దరికీ ముక్కు మీద నుంచి చెమట కారుతోంది. "అది నియమాల్లో లేదండి" అన్నాను.

"అదే నియమం" అన్నాడు ఇంజనీరు.

పాస్‌పోర్టు మీద నా ఎగ్జిట్ స్టాంపు కళ్ళ ముందు కనపడింది. రొయ్యల చెరువు కూడా కనపడింది. అక్క ఏదో అనబోయింది. ఆయన చేత్తోనే ఆపి, మామ వైపు తిరిగాడు. "నేనేం చెప్పాలె? గిన్ని దినాలు ఈయన వేడి మోసింది నువ్వు. నువ్వే చెప్పు. ఉంచాల్నా, పంపాల్నా?"

మామ లేచాడు. "స్నానం చేసొస్తా సాబ్, తల పని చేయడంలేదు" అని తువ్వాలు భుజాన వేసుకుని పక్కనున్న స్నానాల గదిలోకి పోయాడు. ఇంజనీరంతటివాణ్ణి నిలబెట్టి మనిషి స్నానానికి పోవడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. నా బతుకు అక్కడ చెంబుతో పోసుకుంటున్నాడు. నీళ్ళ చప్పుడు ఆగడం, మళ్ళీ మొదలవడం, దగ్గు, మళ్ళీ నీళ్ళు. నేను మనసులో ఆయనతో వేసుకున్న పోట్లాటలన్నీ ఒకటొకటే గుర్తు చేసుకున్నాను. బీడీల మాట అనకుండా ఉండవలసింది.

వచ్చాడు. తల తుడుచుకుంటూ అన్నాడు. "సాబ్, వీడు నన్ను కాల్చినాడు, నేను వీణ్ణి కాల్చినా. దానికి చెల్లు. ఇంగొకటి ఉండాది. రోజూ పొద్దున, నేను రాకముందు, వీడు దుప్పటి తడిపి నా మంచం మీద పరుస్తాడు, మామకు సల్లగా ఉంటాదని. నేను తాళం తీసేసరికి అది ఇడ్లీ పాత్ర మాదిరి పొగలు కక్కుతా ఉంటాది. అందుకూ తిట్టినా." తువ్వాలు దులిపాడు. "పరిచినాడు కదా సాబ్. తెలివి లేదు గానీ, అవతల ఒకడు పండుకుంటాడని యాది ఉండాది. ఉండనీ."

(తడి దుప్పటి సంగతి మీకు ముందు చెప్పలేదు. అది ఆయన చూశాడని కూడా నాకు తెలియదు. తడి అంతా ఏసీ నీళ్ళదేనని ఆయన అనుకుంటున్నాడనుకున్నాను.)

ఇంజనీరు చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "టెక్నీషియన్‌వి మాత్రం కాదు. ఇంకో ఎండాకాలం హెల్పర్‌వే. మిద్దెల మీద ఏసీల బయటి యూనిట్లు కడుగుడు నీ పని. వేడి ఎటు పోతదో మొహానికి తగులుతుంటే నియమం అదే తెలుస్తది" అన్నాడు. నేను అప్పుడు ఆయనకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలా, పోట్లాడాలా తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన వెళ్ళిపోయాక అక్క క్యారియర్ విప్పింది. పులుసు ఇంకా వేడిగానే ఉంది. ముగ్గురం బయట నీడలో కూర్చుని తిన్నాం.

తర్వాత యజమాని ఊరి నుంచి వచ్చాడు. విషయం విని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, బయటి గోడకు కన్నం పెట్టుకోమన్నాడు. ఏసీ వీపు వెనక సందులోకి పోయింది. ప్లైవుడ్డు చెక్క మాత్రం మళ్ళీ కొట్టలేదు. చల్లగాలి రెండు సగాలకీ పోవాలని ఆ దారి అలాగే వదిలేశాం. మామ గురక కూడా అదే దారిన వచ్చేది, అది వేరే సంగతి. ఆ ఎండాకాలం నేను ఖురంలోనూ అజైబాలోనూ ఎక్కని మిద్దె లేదు. చల్లగా పడుకున్న ఇళ్ళన్నీ తమలోది బయటికి తోసేసే చోటు అది. వంటవాళ్ళు మధ్యాహ్నం కునుకు తీసే చోటూ, బట్టలు ఆరేసేవాళ్ళు నిలబడే చోటూ కూడా అదే. ఆ పై ఏడాది టెక్నీషియన్‌నయ్యాను, తర్వాత ఫోర్‌మన్‌నీ అయ్యాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు కూడా చదివాను. అన్నిటిలోనూ నియమాలు రాసి ఉన్నాయి, లెక్కలు వేసి ఉన్నాయి. అవి ఎందుకో మాత్రం ఎవడూ రాయలేదు. అడిగితే, ఎందుకని అడగకూడదు, అవి అంతే అంటారు. మరి మా ఇంజనీరు ఎందుకడిగాడు? ఆయనా లేడు ఇప్పుడు చెప్పడానికి. మామ కడప వెళ్ళిపోయి, అక్కడే పోయి చాలా కాలమైంది.

ఇప్పుడు ఖురంలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. పోయిన వారం కొత్త ఏసీ బిగించడానికి ఒక మెకానిక్ వచ్చాడు, తెలుగువాడే. దీని బయటి భాగం గాలి ఎటు వదులుతుంది నాయనా అని అడిగాను. "కింద సందులోకండి. అటు ఎవరూ ఉండరండి" అన్నాడు. వాడు చెప్పినది నమ్మవలసిందే. కానీ నాకు కాలు నిలవలేదు. లిఫ్టులో కిందికి దిగి, మేడ చుట్టూ తిరిగి, సందులోకి వెళ్ళి సరిగ్గా దాని కింద నిలబడ్డాను. నెత్తి మీద జుట్టు లేదు కాబట్టి సెగ నేరుగా తగిలింది. కుర్రాడు అబద్ధం ఆడలేదు. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. పైనుంచి మా అమ్మాయి తొంగి చూసి, "నాన్నా, గది చల్లబడింది, పైకి రా. ఆ వేడిలో ఏం చేస్తున్నావక్కడ?" అని పిలిచింది.

"వస్తానమ్మా" అన్నాను. నవ్వు వచ్చింది గానీ, పైకి పోవడానికి ఎందుకో కాళ్ళు తొందరపడలేదు. ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను.